అరుగు మీది వెలుగులో మా ఊరి పెద్దలు

మా కోనసీమ పల్లెల్లో పెద్దవారు ఎవరైనా కాలం చేస్తే, పెద్దకర్మ నాటికి గోడకు పెట్టుకోవడానికి ఒక ఫొటో కావలసి వస్తుంది. ఇల్లంతా వెతికితే చాలాసార్లు దొరికేది ఆధార్ కార్డు మీది బొమ్మే. బొటనవేలి గోరంత ఉండే ఆ బొమ్మను స్టూడియోలో పెద్దది చేయించి, మసకబారిన ముఖానికి రంగులు అద్దించి, వెనుక నీలాకాశమో పూలతోటో అతికించి ఫ్రేము కట్టిస్తారు. ఎనభై ఏళ్లు బతికి, ఇంత సంసారాన్ని నిలబెట్టిన మనిషి ముఖం చివరికి అలా మిగలడం నాకు ఎన్నడూ మనస్కరించలేదు. అందుకే అమలాపురం దగ్గర ఉన్న మా ఊరిలో పెద్దలకు, వారు తేటగా తిరుగుతున్న రోజుల్లోనే, వారి ఇంటి ముందే, పగటి వెలుతురులో ఒక మంచి ఫొటో తీసి, గోడకు పెట్టుకొనే సైజులో ప్రింటు వేయించి వారి చేతికే ఇవ్వాలని సంకల్పించాను. సంక్రాంతి సెలవుల్లో మొదలై వేసవి చివరిదాకా సాగిన ఆ పనిలో నాకు బోధపడిన విషయాలు, ముఖ్యంగా వెలుతురు గురించీ మన చర్మపు రంగు గురించీ, ఇక్కడ రాస్తున్నాను.

నా దగ్గర ఉన్నది సాధారణమైన క్రాప్ సెన్సర్ కెమెరా (బొమ్మను పట్టే సెన్సరు కాస్త చిన్నదిగా ఉండే రకం), దానికి 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకొని అంత ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది. లైట్లు, స్టాండ్లు ఏవీ లేవు. అవి కావాలని కూడా అనుకోలేదు. ఒక తెల్లని థర్మాకోల్ షీటు, రెండు తెల్ల పంచెలు, ఎత్తు తక్కువ పీట ఒకటి వెంట ఉంచుకొన్నాను. సినిమా షూటింగుల్లో నటుల ముఖం మీదికి వెలుగును మళ్లించడానికి వాడే థర్మాకోల్ షీటు లాంటిదే ఇది. వెండిరంగు రిఫ్లెక్టరు పెద్దవారి కళ్లలోకి చురుక్కున కొడుతుంది. థర్మాకోల్ నుంచి తిరిగి వచ్చే వెలుగు మెత్తగా ఉంటుంది, దాని ముందు ఎంతసేపైనా కళ్లు చిట్లించకుండా కూర్చోగలరు.

కెమెరా బయటికి తీయకముందు కొన్నాళ్లు ఊరిలో వెలుతురునే చూస్తూ తిరిగాను. ఇందుకు చాలా తేలికైన పద్ధతి ఒకటి ఉంది. గుప్పిటను ముఖం ఎత్తుకు చాచి పట్టుకొని, నిలబడిన చోటనే నెమ్మదిగా చుట్టూ తిరగాలి. వేళ్ల కణుపుల కింద పడే నీడ ఎంత నల్లగా, ఎంత పదునైన అంచుతో ఉంటే, ఆ చోట నిలబడే మనిషి కనుబొమల కిందా ముక్కు కిందా గడ్డం కిందా నీడలు అంత కఠినంగా ఉంటాయి. ఒక్కొక్క దిక్కుకు తిరిగేకొద్దీ ఆ నీడ పలచబడి, ఒకచోట దాదాపు కరిగిపోతుంది; మనిషిని ఆ దిక్కుకు ముఖం పెట్టించి కూర్చోబెట్టాలి. ఫలానా వీధిలో ఫలానా ఇంటి ముందు ఉదయం తొమ్మిదింటికి వెలుగు ఎలా ఉంటుంది, నాలుగింటికి ఎలా ఉంటుంది అన్నది చిన్న పుస్తకంలో రాసుకొన్నాను. ఆ తరువాత ఫొటో తీసే పనిలో సగానికి సగం శ్రమ ఆ పుస్తకమే తగ్గించింది.

సూర్యుడి నడక గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఫొటోగ్రఫీ పాఠాల్లో తరచుగా వినిపించే సమయాలు మనకు యథాతథంగా సరిపోవు. కోనసీమ ఇంచుమించు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరలోనే వెళుతుంది గనుక, గడియారం పన్నెండు చూపే వేళకు కొద్ది నిమిషాలు అటూ ఇటూగా మాకు నిజమైన మధ్యాహ్నం అవుతుంది. సంక్రాంతి రోజుల్లో ఆ నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, కాబట్టి పది గంటలకు కూడా ఎండ ఏటవాలుగా, పనికివచ్చేలా ఉంటుంది. మే మొదటి వారం వచ్చేసరికి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. మళ్లీ ఆగస్టు మొదటి వారంలోనూ అంతే. ఆ రోజుల్లో తొమ్మిది దాటితే ఆరుబయట కళ్లగుంటలు చీకటి అవుతాయి. ఇక, యూరపు దేశాల్లో సాయంత్రం బంగారువన్నె ఎండ గంటకు మించి నిలుస్తుంది. అక్కడ సూర్యుడు బాగా వాలుగా దిగుతాడు. మనకు దాదాపు నిట్టనిలువుగా కిందికి జారిపోతాడు. జనవరిలో మా ఊరిలో సూర్యుడు పది డిగ్రీల ఎత్తు నుంచి దిగంతానికి చేరడానికి ముప్పావుగంట పడుతుంది, అంతే. ఆ ముప్పావుగంటలో మనిషిని పిలవడం, కూర్చోబెట్టడం, మాటలు కలపడం అన్నీ పెట్టుకొంటే ఫొటోకు వేళ మిగలదు. అవన్నీ ముందే ముగించి, నీరెండ పడే సమయానికి కెమెరాతో సిద్ధంగా ఉండాలి.

కోనసీమ అనగానే అందరికీ కొబ్బరితోటే గుర్తుకు వస్తుంది. ఫొటో అనగానే మా ఊరివారు కూడా "తోటలో నించోబెట్టి తియ్యి బాబూ" అన్నారు. చూడటానికి ఎంత అందమైనదో, ముఖచిత్రానికి కొబ్బరితోట నీడ అంత చిక్కైనది. కొబ్బరాకు సన్నని ఈనెలుగా చీలి ఉంటుంది. ఆ సందుల్లోంచి దిగే ఎండ నేల మీదా మనిషి మీదా గుండ్రని ఎండపొడలుగా పడుతుంది. ఆ గుండ్రని మచ్చలు నిజానికి సూర్యబింబాలే; ప్రతి చిన్న సందూ సూదిబెజ్జం కెమెరాగా పనిచేస్తుంది. 2019 డిసెంబరు 26న ఉదయం సూర్యగ్రహణం పట్టినప్పుడు చెట్ల కింద ఆ మచ్చలన్నీ నెలవంకలై కనిపించాయి. ప్రకృతి ముచ్చటగా అది ఎంత బాగున్నా, పెద్దాయన నుదుటి మీద ఒక తెల్లమచ్చ, బుగ్గ మీద మరొకటి పడితే చూసేవారి కన్ను ముఖాన్ని వదిలి ఆ మచ్చల మీదే నిలుస్తుంది. పైగా ఆకుల గుండా వడకట్టుకొని వచ్చే వెలుగుకు ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. అది చామనచాయ చర్మాన్ని పాలిపోయినట్లు చూపుతుంది. అందువల్ల తోటను నేను వెనుక తెరగానే వాడుకొన్నాను. మనిషి తోట బయట, ఇంటి నీడలో ఉంటాడు. తోట అతని వెనుక కనీసం పది మీటర్ల దూరంలో ఉంటుంది. అంత దూరం ఉన్నప్పుడు మొదళ్లూ ఆకులూ కలిసిపోయి మెత్తని పచ్చదనంగా మిగులుతాయి. చెట్టు మొదలు ఏదీ సరిగ్గా తల వెనుక నుంచి పైకి లేచినట్లు పడకుండా నేను ఒక అడుగు పక్కకు జరిగేవాణ్ణి.

ఇంతకీ మా ఊరిలో అన్నింటికన్నా మంచి వెలుగు ఎక్కడ ఉన్నదంటే, పాత పెంకుటిళ్ల వీధి అరుగు మీద. ఇది నేను ఎంత చెప్పినా తనివి తీరని విషయం. చూరు ముందుకు దిగి ఉండటం వల్ల నెత్తి మీది ఆకాశం మూసుకుపోతుంది, పైనుంచి పడే వెలుగు ఆగిపోతుంది. మిగిలేది వీధి వైపు నుంచి, ఎదుటి ఆకాశం నుంచి, నేల నుంచి వచ్చే విశాలమైన, ఏటవాలు వెలుగు. అది నేరుగా కనుబొమల కిందికి చేరి కళ్లను వెలిగిస్తుంది. అరుగు మీద కూర్చున్న మనిషి కంటిపాపలో వీధి అంతా చిన్న తెల్లని మెరుపుగా కనిపిస్తుంది. ఆ మెరుపు ఉన్న కన్ను ఫొటోలో ప్రాణంతో ఉంటుంది, అది లేని కన్ను ఎంత షార్పుగా వచ్చినా వెలితిగానే ఉంటుంది. అరుగు అంచున కూర్చోబెడితే వెలుగు ముఖమంతా సమంగా పరుచుకొంటుంది. రెండు మూడు అడుగులు వెనక్కి, గోడ వైపు జరిపితే ముఖం ముందు భాగం వెలిగి, చెంపలు నెమ్మదిగా నీడలోకి జారతాయి. వెనుక గది గుమ్మం చీకటిగా ఉంటే ఆ మనిషి ముఖం ఒక్కటే నిలిచి కనిపిస్తుంది. అదే మనిషిని కొంచెం పక్కకు తిప్పి కూర్చోబెడితే ఒక చెంప వెలుగు, ఒక చెంప నీడ అయి ముడతల లోతు తెలుస్తుంది. ఏ పరికరమూ లేకుండా, పీటను రెండడుగులు జరపడంతోనే వెలుగును ఇన్ని రకాలుగా మార్చుకోవచ్చు.

విద్యుద్దీపాలు రాని కాలంలో స్టూడియోలవారు అద్దపు కప్పులూ పెద్ద కిటికీలూ పెట్టుకొని, వీలైనంతవరకూ ఉత్తరపు వెలుగునే నమ్ముకొనేవారు. సికింద్రాబాదులో స్టూడియో నడిపి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా పేరు పొందిన రాజా దీన్‌దయాళ్ కాలంలో ముఖచిత్రానికి పగటి వెలుతురే ప్రధానమైన ఆధారం. ఉత్తరం వైపు ఎండ నేరుగా పడదు గనుక రోజంతా వెలుగు నిలకడగా ఉంటుందని ఆ నియమం వెనుక ఉన్న కారణం. మాకూ శీతకాలంలో ఉత్తరపు అరుగులే మేలు. కానీ మార్చి దాటితే పొద్దు ఉత్తరానికి వాలి పొడుస్తుంది, మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు కూడా మాకు ఉత్తరం వైపే ఉంటాడు. వేసవిలో ఉదయం ఉత్తరపు అరుగు మీదికి ఎండ వచ్చేస్తుంటే, దక్షిణపు అరుగు నీడపట్టున చల్లగా ఉంటుంది. సంక్రాంతి నాడు రాసుకొన్న పుస్తకాన్ని మే నెలలో మళ్లీ మొదటి నుంచి రాసుకోవలసి వచ్చింది.

అరుగు విషయంలో మరొకటి కూడా చూసుకోవాలి. ఈమధ్య ఇళ్లకు చిలకపచ్చ, గులాబి, ముదురు నారింజ రంగులు వేస్తున్నారు. ఎదురింటి గోడ మీద ఎండ పడితే ఆ రంగే తిరిగివచ్చి మన మనిషి గడ్డం కిందా మెడ మీదా చేరుతుంది. కంటికి తెలియదు, ఫొటోలో తెలుస్తుంది. సున్నం కొట్టిన గోడ ఎదురుగా ఉన్న ఇల్లు అదృష్టమే. లేనిచోట ఎదురింటి అరుగు స్తంభాలకు తాడు కట్టి తెల్ల పంచెలు రెండూ ఆరేసినట్లు వేలాడదీశాను. మండువా లోగిళ్లలో అయితే వెలుగు మధ్యనున్న ఖాళీ నుంచి నిలువుగా దిగుతుంది. ఆ ఖాళీ కింద కూర్చోబెట్టకుండా, లోపలి పంచలో నాలుగడుగులు వెనక్కి, ఖాళీ వైపు ముఖం పెట్టించి కూర్చోబెడితే అక్కడా అరుగు వెలుగే దొరుకుతుంది. వీధిలోకి రాలేని ముసలమ్మలను చాలామందిని అలాగే తీశాను.

ఇక కెమెరా సంగతి. లెన్సుల గురించి జరిగే చర్చలో దూరం గురించిన మాట మరుగున పడిపోతుంది. ముఖం ఆకృతి ఎలా వస్తుందన్నది లెన్సును బట్టి కాదు, మనం నిలబడిన దూరాన్ని బట్టి ఉంటుంది. ముక్కు కొనకూ చెవులకూ మధ్య సుమారు 12 సెంటీమీటర్లు ఉంటుంది. అరమీటరు దూరం నుంచి తీస్తే ముక్కు చెవుల లెక్కలో దాదాపు నాలుగో వంతు పెద్దదిగా పడుతుంది; రెండు మీటర్ల నుంచి తీస్తే ఆ తేడా నూటికి ఆరు పాళ్లకు తగ్గిపోతుంది. ఫోనుతో దగ్గరికి వెళ్లి తీసిన ముఖాలు ఉబ్బినట్లు ఉండటానికి కారణం ఇదే. ఫోను మాత్రమే ఉన్నవారు రెండు మీటర్లు వెనక్కి జరిగి, రెండు రెట్ల జూము పెట్టి తీస్తే ఫలితం వెంటనే మారుతుంది. నా లెన్సుతో రెండు మీటర్ల నుంచి నిలువుగా తీస్తే తల నుంచి నడుము దాకా చక్కగా అమరుతుంది, మాట్లాడుకోవడానికీ ఆ దూరం సరిగ్గా సరిపోతుంది.

వెనుక మసకగా రావాలని ఎఫ్ 1.8 పెట్టేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. నా కెమెరాలో రెండు మీటర్ల దూరంలో ఎఫ్ 1.8 వద్ద స్పష్టంగా వచ్చే లోతు పదకొండు సెంటీమీటర్లే. దగ్గరి కన్ను షార్పుగా ఉండి, చెవి పోగు దగ్గరికి వచ్చేసరికి మసకబారుతుంది. ఎఫ్ 2.8 వద్ద ఆ లోతు పద్దెనిమిది సెంటీమీటర్లకు పెరుగుతుంది. ముక్కుపుడక నుంచి చెవి దుద్దుల దాకా ముఖమంతా అందులో ఇమిడిపోతుంది. పెద్దవారి ముఖంలో ప్రతి ముడతా విలువైనదేనని నమ్మాను గనుక ఎఫ్ 2.8 దగ్గరే ఉండిపోయాను. తోట దూరంగా ఉంటే ఆ మాత్రానికే వెనుక కావలసినంత మసక వస్తుంది. ఉదయం అరుగు మీద ఐఎస్ఓ (వెలుగుకు సెన్సరు స్పందించే తీరుకు కొలత) 200, ఎఫ్ 2.8, షట్టరు వేగం 1/250 సెకను చుట్టుపక్కల లెక్క కుదిరేది. మాట్లాడుతూ చేతులు కదిపేవారికి అంతకన్నా తక్కువ వేగం పనికిరాదు. ఫోకస్ పాయింటు మాత్రం ఎప్పుడూ కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీదే.

అన్నింటికన్నా ఎక్కువ ఆలోచించినది ఎక్స్‌పోజరు గురించి, అంటే ఫొటోలోకి ఎంత వెలుగు రానివ్వాలన్న దాని గురించి, ఆ మాటకొస్తే నిజానికి మన చర్మపు రంగు గురించి. వెలుగును కొలిచే కెమెరా లోపలి మీటరుకు మనిషి ఎవరో, గోడ ఏదో తెలియదు. దాని ముందున్న దాన్నంతటినీ సగటు బూడిదరంగుగా చూడటానికి ప్రయత్నిస్తుంది. తెల్ల పంచె, తెల్ల కండువా కట్టుకొని సున్నం గోడ ముందు కూర్చున్న నల్లని తాతగారిని చూసి, ఇక్కడ వెలుగు ఎక్కువైందనుకొని మొత్తం తగ్గించేస్తుంది. ముఖం బొగ్గు అవుతుంది. అదే తాతగారు చీకటి గుమ్మం ముందు ఒంటి మీద కండువా లేకుండా కూర్చొంటే, వెలుగు చాలలేదనుకొని పెంచేస్తుంది. ముఖం తనకు లేని తెలుపును తెచ్చుకొని పాలిపోతుంది. మనిషి మారలేదు, వెలుగు మారలేదు, రంగు మాత్రం రెండు ఫొటోల్లో రెండు రకాలు. దీనికి మందు స్పాట్ మీటరింగు, అంటే ఫ్రేమంతటినీ కాక ఒక్క చిన్న చోటనే వెలుగును కొలవడం. వెలుగు పడుతున్న చెంప మీద కొలిచి, ఆ చర్మం మధ్యరకం కన్నా ఎంత ముదురో చూసుకొని, అర స్టాపు నుంచి ఒక స్టాపు దాకా (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది) తగ్గించి మాన్యువల్‌లో స్థిరపరచుకొన్నాను. ఆ తరువాత వారు కండువా వేసుకొన్నా తీసినా ముఖం రంగు మారదు. తెల్లబట్టలో నేత కనపడకుండా తెలుపు పగిలిపోతున్నదేమో కెమెరా తెర మీద మిణుకుమిణుకుమనే హెచ్చరిక చెబుతుంది. అక్కడ మాత్రం మరి కాస్త తగ్గించి, రా ఫైలులో (సెన్సరు పట్టినదంతా ఉన్నది ఉన్నట్లు దాచే ఫైలులో) నీడలను తరువాత పైకి తెచ్చుకోవచ్చు.

ఫిల్ము రోజుల్లో ఈ సమస్య ఇంకా లోతుగా ఉండేది. ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కోడాక్ సంస్థ పంపిన నమూనా కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. వాటిని షర్లీ కార్డులు అనేవారు. ఆ చర్మం సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్లే లెక్క. రకరకాల చర్మాలున్న కార్డులు 1990ల్లో గాని రాలేదు. ఇవాళ సెన్సర్లు చాలా మెరుగుపడ్డాయి, అయినా మన చేతుల్లోని చాలా ఫోన్లలో ముఖాన్ని నునుపుచేసి తెల్లబరిచే సదుపాయం ఉంటుంది, కొన్నింటిలో అది ముందే తెరిచి ఉంటుంది. ఫోనుతో తీసేవారు మొట్టమొదట దాన్ని మూసివేయాలని నా మనవి.

ఒక పెద్దమ్మ తన ఫొటోను కెమెరా తెర మీద చూసి, "ఇంత నల్లగా పడ్డానేంటి బాబూ, కొంచెం తెల్లగా చెయ్యవా" అని అడిగింది. ఆ కోరికను తేలికగా తీసుకోలేకపోయాను; జీవితమంతా రంగు గురించి మాటలు పడిన మనిషి అలా అడగడంలో ఆశ్చర్యం లేదు. నేను ఫైలును తెల్లబరచలేదు, వెలుగును మార్చాను. ముదురు చర్మం అందమంతా దాని మెరుపులో ఉంటుంది. లేత చర్మానికి ఆకృతినిచ్చేది నీడ. ముదురు చర్మానికి ఆకృతినిచ్చేది దాని మీద తేలే వెలుగు ప్రతిబింబం. ఆవిడ పీటను అరుగు అంచుకు జరిపి, థర్మాకోల్ షీటును ఎడమ పక్కన, ముఖానికి దగ్గరగా, కాస్త వెనుకగా నిలబెట్టాను. చెంప ఎముక మీదా, నుదుటి మీదా, ముక్కుపక్కా మెత్తని పొడవాటి మెరుపు వచ్చింది. ముక్కుపుడకలోని రాళ్లూ మేలుకొన్నాయి. చర్మం రంగు అంతకు ముందున్న రంగే. రెండో ఫొటో చూపిస్తే ఆవిడ చాలాసేపు చూసి, "మా అమ్మ ఇలాగే ఉండేది" అన్నది. ఆ తరువాత రంగు మాట ఎత్తలేదు. అప్పటి నుంచి ముఖానికి పౌడరు రాసుకొని వచ్చినవారిని తుడుచుకొమ్మని మెల్లగా చెప్పడం, ఉదయం నూనె రాసుకొన్న చర్మం వెలుగును బాగా పట్టుకొంటుందని వివరించడం నా పనిలో భాగమయ్యాయి.

మనుషులతో మెలగడం వెలుగుతో మెలగడం కన్నా కష్టమేమీ కాలేదు, కానీ వేరే ఓర్పు కావాలి. ఫొటో తీయించుకొంటే ఆయుష్షు తగ్గుతుందని పాతకాలపు భయం ఒకరిద్దరిలో ఇంకా ఉంది, వారిని బలవంతపెట్టలేదు. మిగిలినవారు పట్టుచీరలు కట్టుకొని, ఉతికిన పంచె కట్టుకొని, చేతులు రెండూ పక్కలకు ఆనించి నిటారుగా నిలబడేవారు. అది వారి చిన్ననాటి స్టూడియోల పద్ధతి, అందులో ఒక గౌరవం ఉంది. అందుకే ముందుగా వారు కోరిన ఫొటో, వారు నిలబడదలచినట్లే తీశాను. అది అయిపోయిందన్న నెమ్మది వారి భుజాల్లో కనిపించిన తరువాత పీట మీద కూర్చోబెట్టి మాటల్లో పెట్టేవాణ్ణి. "నవ్వండి" అంటే పెదవులు నవ్వుతాయి, కళ్లు నవ్వవు. అందుకు బదులు పాత సంగతి ఏదైనా అడగాలి. 1996 నవంబరు తుపాను నాడు ఎక్కడ తలదాచుకొన్నారని అడిగితే, ఆ రాత్రిని తలుచుకొంటున్న తాతగారి చూపు ఎక్కడో దూరంగా నిలిచింది. ఆయన ఇంటివారు ఎంచుకొన్నది ఆ ఫొటోనే. చేతులకు పని ఇవ్వడం కూడా మంచిదే. కొబ్బరి ఈనెలు చీరుతూ, పూలు గుచ్చుతూ ఉంటే భుజాలు వాటంతట అవే సడలుతాయి. పెద్దవారి చేతులు ముఖమంత చెబుతాయి. వాటిని ఫ్రేములో ఉంచడానికే నడుము దాకా తీసుకొన్నాను. కెమెరాను వారి కంటి ఎత్తుకు దించి, నేను కూడా నేల మీద కూర్చొని తీశాను. నిలబడి పైనుంచి తీస్తే కూర్చున్న పెద్దమనిషి చిన్నబోతాడు.

అరుగు లేని డాబా ఇళ్లవారి కోసం రెండు దారులు దొరికాయి. ఒకటి భోగి రోజుల పొగమంచు. పొద్దు పొడిచిన తరువాత కూడా కాసేపు కాలువ గట్ల మీద మంచు నిలిచి, ఆకాశమంతా ఒకే మెత్తని దీపం అవుతుంది. వెనుక చెట్లు ఒకదాని వెనుక ఒకటి పలచబడుతూ లోతును చూపుతాయి. ఆ వెలుగులో రంగులు కొంచెం నీలిగా పడతాయి కాబట్టి వెలుగు రంగును సరిదిద్దే వైట్ బ్యాలెన్సును మబ్బుకో నీడకో మార్చుకోవాలి. రెండవది, సాయంత్రపు ఎండను మనిషి వీపు వైపు పెట్టుకోవడం. తెల్లని జుట్టు చుట్టూ వెలుగు అంచు కడుతుంది; ముఖం నీడలో ఉంటుంది గనుక ముఖం మీదే కొలిచి, థర్మాకోల్‌తో ముందు నుంచి వెలుగు పంపాలి. సూర్యుడు లెన్సులోకి నేరుగా చూస్తే బొమ్మ వెలవెలబోతుంది. చెట్టు మొదలో, చేత్తో పట్టిన పుస్తకమో అడ్డు పెట్టి లెన్సు మీద నీడ పడేలా చూసుకొంటే చాలు.

సముద్రం ఒడ్డున వేటకు వెళ్లి వచ్చిన బాబాయిలను ఎండలోనే తీయవలసి వచ్చింది, ఎందుకంటే వలలు దులిపే వేళకు పొద్దు బాగా ఎక్కి ఉంటుంది. అంత ఎండలో ఐఎస్ఓ 100 వద్ద ఎఫ్ 1.8 పెడితే 1/8000 సెకను దాకా వేగం కావాలి, నా కెమెరాలో 1/4000 దాటి లేదు. అక్కడ ఎఫ్ 4 లేదా 5.6 పెట్టుకొన్నాను. వారి తలపాగా కళ్లకు నీడ పడుతుంది, తెల్లని ఇసుక కింది నుంచి ఆ నీడను నింపుతుంది. తలపాగా అంచు నీడ ముక్కు మధ్యలో గీత గీయకుండా గడ్డం ఒక్క వేలెడు దించమని చెబితే ముఖమంతా ఒకే నీడలోకి వస్తుంది. మండే ఎండలో తీసినా వారి కళ్లు స్పష్టంగా వచ్చిన ఫొటోలు అవి, నా మటుకు నాకు ఎంతో ఇష్టమైనవి.

తీసినవాటిని కంప్యూటరులో సరిచేసేటప్పుడు పెట్టుకొన్న నియమం ఒక్కటే: వైట్ బ్యాలెన్సు, ఎక్స్‌పోజరు, కొద్దిపాటి కాంట్రాస్టు తప్ప ముఖం మీద చేయి వేయకూడదు. ప్రతి ఇంటి దగ్గరా మొదటి ఫ్రేములో వారి చేతిలో ఒక బూడిదరంగు కార్డు పెట్టి తీసుకొన్నాను గనుక రంగు విషయంలో ఊహలతో పని లేకపోయింది. ముడతలు తీయలేదు, మచ్చలు తీయలేదు. ప్రింటుకు 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉన్న సైజు ఎంచుకొన్నాను. కెమెరా ఫ్రేము 2:3 నిష్పత్తిలోనే ఉంటుంది కాబట్టి ఎక్కడా కోత పడదు, 24 మెగాపిక్సెళ్ల ఫైలు ఆ సైజుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన నిండుగా సరిపోతుంది. ల్యాబులో మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలాచోట్ల ప్రింటుకు ముందు ఆపరేటరు అలవాటుగా ముఖాలను ఒకటి రెండు మెట్లు తేలికపరుస్తారు. "కరెక్షన్ వద్దు, ఫైలు ఎలా ఉంటే అలాగే వెయ్యండి" అని చెప్పి, ముందుగా ఒక చిన్న ప్రింటు వేయించి, దాన్ని పగటి వెలుతురులోకి తెచ్చి, ఆ మనిషి చేతి పక్కన పెట్టి రంగు సరిపోల్చుకొని, అప్పుడే పెద్దవి వేయించాను. పేపరు మ్యాట్‌లో తీసుకొన్నాను. మ్యాట్ పేపరు మెరవదు; గోడకు వేలాడే ఫొటో మీద ఎదుటి కిటికీ వెలుగు పడినా ముఖం కనిపించాలి కదా.

ప్రింట్లు ఇళ్లకు చేర్చినప్పుడు చాలామంది వాటిని అప్పుడే గోడకు పెట్టలేదు, బట్టలో చుట్టి బీరువాలో దాచుకొన్నారు. బతికుండగా గోడ మీద ఫొటో ఏమిటన్న పట్టింపు కొందరిది. ఒకరిద్దరు మాత్రం పెళ్లినాటి ఫొటో పక్కనే పెట్టించుకొన్నారు. ఇంకా తీయవలసిన ఇళ్లు కాలువ అవతల ఉన్నాయి. అక్కడివి ఎక్కువగా పడమటి అరుగులు, కాబట్టి ఉదయం పూట వెళ్లాలని పుస్తకంలో రాసుకొన్నాను.